తడి మూట, పొడి మూట

హైదరాబాదులో ఏం చూశావని అందరూ అడుగుతున్నారు. చార్మినార్ చూడలేదు, ట్యాంక్‌బండ్ మీద నడవలేదు. వారం రోజులు మాదాపూర్ దగ్గర ఒక ఆసుపత్రి ఆవిరి గదిలో గుడ్డ మూటలు ఎలా కట్టాలో, ఎలా ఆరబెట్టాలో చూసి వచ్చాను. ఇది చెబితే అడిగినవాళ్లు మొహం చిట్లిస్తున్నారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివినవాళ్లు చిట్లించుకున్నా నాకు కనబడదు.

మాది కోనసీమలో ఒక చిన్న ధర్మాసుపత్రి. నేను అక్కడ స్టోరు చూస్తాను. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాను. లెక్కలు మాత్రం ఆ తర్వాతే, రైసుమిల్లులో బస్తాలు తూస్తూ నేర్చుకున్నాను. ఏది చూసినా ఎంత, ఎన్ని, మనిషికి ఎంత పడుతుంది అని మనసులో వేసుకోవడం అప్పటి నుంచీ అలవాటు. మా ఆవిడకి ఇది నచ్చదు, ముఖ్యంగా విందుభోజనాల్లో.

కిందటి వానాకాలం ముందు మా ఆసుపత్రికి ఆటోక్లేవ్ కొన్నారు. గుడ్డలనూ పరికరాలనూ ఆవిరితో శుద్ధి చేసే యంత్రం అది, కిరసనాయిలు పొయ్యి మీద నడుస్తుంది. అది వచ్చాక కష్టమైన కాన్పులకు ఆపరేషన్లు మా ఊళ్లోనే చెయ్యడం మొదలుపెట్టారు. వానలు పడ్డాక ముగ్గురు బాలింతలకు కుట్లు చీము పట్టాయి. దేవుడి దయవల్ల ముగ్గురూ కోలుకుని ఇళ్లకు వెళ్లారు గానీ మూడో ఆమె నెల పైన మంచం మీద ఉంది. కమిటీవారు థియేటరుకు తాళం వేశారు. కారణం తెలిసేదాకా తియ్యం, తెలియకపోతే ఇక ఎప్పటికీ తియ్యం అన్నారు. అంటే ఆపరేషను కావలసిన ఏ తల్లయినా నొప్పులతో పంటు ఎక్కి గోదావరి దాటి, ఆపైన రాజమండ్రి దాకా పోవాలి.

ఇంకో మాట కూడా ఊళ్లో పాకింది. థియేటరులో గుడ్డలు చూసేది కామేశ్వరమ్మగారు. చిన్న వయసులోనే భర్త పోతే ఆసుపత్రిలో చేరిన మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద, నేను అక్కయ్యగారూ అంటాను. ఆవిడ చేతిలో ఏదో ఉందని కొందరు, ముసలిదైపోయింది మార్చండని ఇంకొందరు. ఆవిడంత శుభ్రమైన మనిషి మా తాలూకాలో లేదు. అది అందరికీ తెలుసు. తెలిసీ అన్నారు.

ఇంతలో హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రివారు చిన్న ఊళ్ల ఆసుపత్రుల సిబ్బందికి, రోగులకు కొత్త క్రిములు అంటకుండా చూసుకోవడం ఎలాగో నేర్పుతారని మా డాక్టరమ్మకు తెలిసింది. అక్కయ్యగారినీ, తోడుగా నన్నూ పంపింది. "కారణం పట్టుకుని రండి. పట్టుకోకుండా రావద్దు" అని నవ్వుతూనే అంది. నవ్వులో నవ్వు తక్కువ.

రైలు పెట్టెలో

అక్కయ్యగారు బయటి తిండి ముట్టరు. అటుకులు, బెల్లం, వేయించిన పెసరపప్పు, మాగాయ, ఇత్తడి చెంబుతో నీళ్లు, అన్నీ ఒక సంచిలో. ఎదురు బెంచీలో ఒక కుర్రాడు, చొక్కా జేబుకి మూడు పెన్నులు. హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగమట.

"మీరెక్కడికండీ మామ్మగారూ?" అన్నాడు.

"నేనూ మీ ఊరే బాబూ. నేర్చుకోవడానికి."

"కంప్యూటరా!"

"కాదు. గుడ్డలుతకడం" అన్నారావిడ. పెట్టె అంతా నవ్వింది, ఆవిడ తప్ప. కాసేపాగి నాకొక్కడికే వినబడేట్టు అన్నారు: "సత్యం, వాళ్లు నాకు వంక పెట్టడానికే పంపారంటావా?"

"లేదండీ. తాళం తియ్యడానికి పంపారు."

"తాళం తియ్యకపోతే వంక నామీదే కదా."

నేను అటుకులు నమిలాను.

రాళ్లమధ్య అద్దాల మేడ

సికింద్రాబాదులో దిగి రెండు బస్సులు మారితే మాదాపూర్. మా ఊళ్లో ఎటు చూసినా నీళ్లు, బురద, కొబ్బరిచెట్లు. అక్కడ ఎటు చూసినా రాళ్లు. ఏనుగులంత బండలు ఒకదానిమీద ఒకటి, ఎవరో పేర్చి మర్చిపోయినట్టు ఉంటాయి. వాటిమధ్య గుండ్రంగా, అద్దాలు తొడిగిన మేడ ఒకటి కొత్తగా లేచింది. ఒక వరుసలో అద్దాలు లెక్కపెట్టి, అంతస్తులతో హెచ్చవేసి, లోపల ఎంతమంది పడతారో, అంతమందీ మధ్యాహ్నం ఒకేసారి ఆకలంటే ఎన్ని ఇడ్లీలు కావాలో అంచనా వేశాను. చుట్టుపక్కల చూస్తే ఒక టిఫిన్ బండి, ఒక ఇరానీ హోటలు. అక్కడ టిఫిన్ సెంటరు పెట్టేవాడు బాగుపడతాడు. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ధరల సంగతి. ఇరానీ చాయి మూడు రూపాయలు, చిక్కగా, తియ్యగా ఉంటుంది. నేను రోజూ తాగాను. ఇడ్లీ ప్లేటు ఎనిమిది. కొబ్బరి బోండం కూడా ఎనిమిదే! మా ఊళ్లో అదే బోండం రైతు రెండు రూపాయలకిస్తాడు. బోండాల బండి ముందు నిలబడి ఈ మాట పైకి అనేశాను.

"గట్లయితే మీ ఊరికే పోయి తాగు సారూ, రైలు కిరాయి నేనిస్త" అన్నాడు బండివాడు. కొట్టించుకుని తాగాను. నీళ్లు మావాటంత తియ్యగా లేవు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

మా బస ఆసుపత్రి వెనక వరుసగదుల్లో. మొదటి ఉదయమే అక్కయ్యగారు తలస్నానం చేసి మడిచీర తడిపి ఆరేశారు. మా వైపు ఇళ్లలో మడి అంటే తెలియనివారికి చెబుతాను. వంటకూ పూజకూ కట్టే బట్టను తడిపి, ఎవరూ తాకకుండా విడిగా ఎత్తుగా ఆరేసి, కర్రతో తీసి కట్టుకుంటారు. అంత వ్యవధి లేకపోతే తడిబట్టే కట్టుకుంటారు. తడిబట్ట అన్నిటికన్నా గట్టి మడి. కోనసీమ గాలికి చీర ఆరడానికి పూటంతా పడుతుంది. మాదాపూర్‌లో ఆవిడ దేవుడికి దీపం పెట్టి వచ్చేలోగా చీర అప్పడంలా ఆరి కూర్చుంది.

"ఇదేం ఊరు నాయనా, తడి నిలవదు!" అన్నారు దాన్ని తడిమి చూస్తూ. ఆ మాట అప్పుడు నేనూ పట్టించుకోలేదు.

ఆవిరి గది

మాకు నేర్పినావిడ ఏలియమ్మ సిస్టర్. కేరళ మనిషి, ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటోంది. తెలుగు గబగబా మాట్లాడుతుంది, మధ్యలో ఎవరైనా నిద్రపోతే ఆ గబగబలోనే పేరు పెట్టి పిలుస్తుంది. మొదటి రెండు రోజులు చేతులు కడగడమే. కళ్లకు గంతలు కట్టి, సబ్బుకు బదులు నీలంరంగు చేతిలో పోసి రుద్దుకోమంది. గంతలు విప్పాక చూస్తే నా బొటనవేళ్లు రెండూ తెల్లగా ఉన్నాయి. అంటే జన్మలో ఎప్పుడూ బొటనవేళ్లు కడగలేదన్నమాట. అక్కయ్యగారి చేతులు మణికట్టు దాకా నీలం, గోళ్లలో కూడా.

"ఈ అమ్మను చూడండి" అంది సిస్టర్. అక్కయ్యగారు ఆ పూట అటుకుల్లో బెల్లం కొంచెం ఎక్కువ వేసుకున్నారు.

ఆవిరి గదిలో పనిచేసేది బాలమణి. గోపన్‌పల్లి నుంచి రోజూ నడిచీ, దొరికితే లారీ ఎక్కీ వస్తుంది. ముప్ఫై ఏళ్లుంటాయి. నోటికి అడ్డులేదు. మొదటిరోజు ఆమె అందించిన బల్ల మీద కూర్చునే ముందు అక్కయ్యగారు దాన్ని తన తడిగుడ్డతో తుడుచుకున్నారు.

"ఏంది పెద్దమ్మా, నేను ముట్టుకుంటే మైలయితదా?" అంది బాలమణి.

"నువ్వని కాదే. ఎవరు ముట్టుకున్నా అంతే."

"అందర్నీ గిట్లనే అంటవా? అయితే సరే తీయ్" అని నవ్వేసింది. నాకు ఎటు చూడాలో తెలియక పైకప్పు చూశాను.

మూడోరోజు మూటలు కట్టడం. సిస్టర్ ఒక్కొక్కరినీ, మీ ఊళ్లో ఎలా చేస్తారో అలాగే చేసి చూపించండి అంది. అక్కయ్యగారి వంతు వచ్చింది. గాయాలకు కట్టే పలచటి గాజుగుడ్డలు మడిచి, రెండు పొరల గుడ్డలో చుట్టి, అందంగా కట్టారు. ఆవిరి పట్టడం అయింది. ఆవిరి వదిలీ వదలగానే మూత పూర్తిగా తీసి, పట్టకారుతో మూటల్ని ఒక్కొక్కటే, ఎక్కడా తాకకుండా బయటికి తీసి, అప్పుడే కడిగి తడిగా ఉన్న రాతిబండ మీద పేర్చారు. పైన తడిపి పిండిన గుడ్డ కప్పారు. ఆ తీసే తీరు చూస్తే, దండెం మీంచి కర్రతో మడిబట్ట తీస్తున్నట్టే ఉంది. మా ఊళ్లో రోజూ చూసేదే. నాకు తప్పేమీ కనబడలేదు. సిస్టర్ మాత్రం మూటను వేలితో తాకి ఆగిపోయింది.

"అమ్మా, ఇది తడిగా ఉంది."

"అవునమ్మా. గాలికి వదిలితే దుమ్ము పడదూ? తడి మీదుండగానే తీసి కప్పేస్తాను."

"తడి మూట వాడకూడదమ్మా. తడిసిందంటే శుద్ధి పోయినట్టే. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి."

అక్కయ్యగారు నవ్వారు. చిన్నపిల్ల తప్పు చెబితే నవ్వే నవ్వు. "తడిబట్టని మించిన శుద్ధి ఏముందమ్మా? నలభై ఏళ్లుగా తడిబట్టతో వండి దేవుడికి నైవేద్యం పెడుతున్నాను."

"దేవుడి కడుపు మనం కొయ్యం కదమ్మా" అంది సిస్టర్.

గది ఘొల్లున నవ్వింది. అక్కయ్యగారి మొహం ఎర్రబడింది. సిస్టర్ వెంటనే గొంతు తగ్గించి, "నా మాట నమ్మొద్దు. మీ చేతుల్తోనే చూద్దాం" అంది.

కుంకుమ పళ్లెం

ఆవిరి గదిలో ఓ మూల చిన్న దేవుడి పటం ఉంది. దాని ముందున్న కుంకుమ భరిణె తెమ్మని బాలమణికి చెప్పింది సిస్టర్. పెద్ద స్టీలు పళ్లెంలో కుంకుమ పలచగా చల్లింది. అక్కయ్యగారి చేతనే మళ్లీ రెండు మూటలు కట్టించింది. ఆవిరి పట్టాక ఒకటి ఆవిడ పద్ధతిలో వెంటనే తీయించింది. రెండోదాన్ని యంత్రం లోపలే ఉంచి, మూత కొద్దిగా ఓరగా తెరిచి, అరగంట ఆ వేడికే ఆరనిచ్చింది. చల్లబడ్డాక రెండింటినీ పళ్లెంలో కుంకుమ మీద పక్కపక్కనే పెట్టారు. "కుంకుమ క్రిమి అనుకోండి" అని చెప్పి మమ్మల్ని భోజనానికి పంపింది.

అక్కయ్యగారు భోజనానికి రాలేదు. పళ్లెం ముందు బల్ల వేసుకుని కూర్చున్నారు.

తిరిగొచ్చాక ఆవిడనే విప్పమన్నారు. ముందు పొడి మూట. అడుగున కాస్త కుంకుమ అంటింది, పై పొర తీసి పక్కన పెడితే దానితోనే పోయింది. రెండో పొర తెలుపు. లోపలి గాజుగుడ్డ మల్లెపువ్వు. తర్వాత తడి మూట. పై పొర అడుగంతా ఎరుపు. రెండో పొర ఎరుపు. లోపలి గాజుగుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పుతూ పోయారు. ప్రతి మడతలోనూ గులాబీరంగు మరక, అడుగు నుంచి పైకి పాకింది. పుండు మీద పెట్టే మడత అదే.

ఎవరూ నవ్వలేదు.

"క్రిమికి కాళ్లు లేవమ్మా. నీళ్లే దానికి దారి. తడిగుడ్డ మీద బయటినుంచి లోపలికి నడిచి వస్తుంది" అంది సిస్టర్.

అక్కయ్యగారు ఆ గాజుగుడ్డను మళ్లీ అన్ని మడతలూ పెట్టి, పళ్లెం అంచున ఉంచి, బయటికి వెళ్లిపోయారు.

వెనకాలే వెళ్లాను. గదుల వెనక ఒక బండ మీద కూర్చున్నారు. కళ్లు తుడుచుకుంటున్నారు. ముగ్గురు బాలింతల పేర్లూ వరుసగా చెప్పారు, ఇంటిపేర్లతో సహా. "ఎంత ముట్టుకోకుండా చేశాను సత్యం. ఎంత జాగ్రత్తగా చేశాను!"

"కారణం దొరికిందండీ" అన్నాను. "మన గాలికి, ఆ వానలకి, ఆ మూటలు ఎప్పటికీ ఆరవు. ఇక్కడైతే బయటపెట్టినా ఆరిపోయేవేమో. మీరే అన్నారుగా, ఇక్కడ తడి నిలవదని."

ఆవిడ కళ్లు తుడుచుకోవడం ఆపి నా వైపు తిరిగారు.

"తాళం తీస్తారంటావా?"

"తీస్తారు."

"నన్ను ఉంచుతారా?"

ఆ మాట ఆవిడ నోటినుంచి అదే మొదటిసారి వినడం. ఉంచుతారో లేదో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆవిడ తలూపి, కొంగు దులుపుకుని లేచారు. "పద. మన ఊళ్లో వానాకాలం ఎంతసేపు ఆరబెట్టాలో సిస్టర్‌ని అడగాలి" అన్నారు.

అడిగారు కూడా, మిగిలిన రోజులన్నీ. మూటలు కిక్కిరిసి పెట్టకూడదని, వేడి మూటను చల్లటి బండ మీద పెడితే అడుగున చెమ్మ పడుతుందని, ఆరిందో లేదో కడిగి తుడుచుకున్న పొడిచేత్తో చూసుకోవాలని, చెమ్మ తగిలితే మొహమాటం లేకుండా మళ్లీ ఆవిరి పట్టాలని ఒక్కొక్కటే రాబట్టారు. చివరికి సిస్టరే చేతులు జోడించి, "అమ్మా, ఇక నాకు తెలిసింది అయిపోయింది" అంది.

నిజాంపేట మీదుగా గోపన్‌పల్లి

ఆదివారం సెలవు. "మా ఊరు జూద్దురు రాండ్రి" అని బాలమణి పిలిచింది. ఆటోవాణ్ణి గోపన్‌పల్లి అంటే తలూపాడు. ఎంతన్నా తలూపాడు, తొందరగా అన్నా తలూపాడు. తీరా దిగితే అది నిజాంపేట, పూర్తిగా ఇంకో దిక్కు! అడిగితే, "మీరు యాడికంటే గాడికి పోదామనుకున్న, నిజాంపేట అన్నట్టు ఇనబడ్డది. పరేషాన్ కాకుండ్రి" అన్నాడు తాపీగా. అక్కడ ద్రాక్షతోటలున్నాయి. వచ్చినందుకు నల్ల ద్రాక్ష కొన్నాం. అక్కయ్యగారికి ద్రాక్ష పందిళ్లు చూడటం మొదటిసారి. మా తమలపాకుల తోటల్లాగే ఉన్నాయని మురిసిపోయారు. పండు కనక తినడానికి అభ్యంతరం లేదు. కడుక్కుని దారంతా తిన్నారు.

వెనక్కి తిరిగి గచ్చిబౌలి దాటాక విశ్వవిద్యాలయం గోడ పక్కన పోతే, రాళ్లూ తుప్పలూ అయ్యాక గోపన్‌పల్లి. చిన్న ఊరు. బాలమణి వాకిట్లో పొయ్యి వెలిగించి జొన్నపిండి ముందేసుకుని కూర్చుంది. మేం వెళ్లేసరికి ఎండ నెత్తికెక్కింది.

"పెద్దమ్మా, నువ్వు తినవని తెలుసు. పాలు తెప్పిచ్చిన" అంది.

అని లేచి, పిండి కలిపే ముందు తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. అలవాటైపోయింది కాబోలు, ఆవిరి గదిలో కడిగినట్టే కడిగింది. అరచేతులు, వేళ్లసందులు, బొటనవేళ్లు, గోళ్లు, మణికట్టు. కడిగి, గాలికి చేతులు ఆరనిచ్చింది. మా వైపు జొన్నరొట్టె లేదు. చేత్తో తడుతుంటే పళ్లెమంత గుండ్రం ఎలా వస్తుందో నాకు అంతుపట్టలేదు. రొట్టె పొయ్యి మీద పొంగింది.

అక్కయ్యగారు పాలగ్లాసు పక్కన పెట్టి, "అదొకటి ఇటు పెట్టవే" అన్నారు.

బాలమణి చెయ్యి ఆగింది. "నిజంగనా?"

"అంతసేపు రుద్ది కడిగావు. పైగా నిప్పుల మీద కాలింది, తడి లేదు. ఇంకేం శుద్ధి కావాలి?"

"అయితే ఇగ మడి లేదా?"

"మా ఇంట్లో ఉందిలే. ఇక్కడికి తెచ్చుకోలేదు" అన్నారావిడ.

రొట్టె, పచ్చి ఉల్లిపాయ, ఎర్రటి మిరపకారం. ఉల్లిపాయ మాత్రం ముట్టలేదు, రొట్టెలు రెండు తిన్నారు. కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని, "మా మాగాయ ముందు ఇదెంత" అని సంచిలో సీసా తీసి బాలమణికి ఇచ్చేశారు. అన్ని రోజుల అటుకుల తర్వాత ఆవిడ కడుపునిండా తినడం చూసి నాకే ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి

తిరుగు రైల్లో నేను లెక్కలు వేశాను. మూటలు వదులుగా పెడితే ఒక విడతకు పట్టేవి సగమవుతాయి, పొయ్యి రెండుసార్లు వెలగాలి, కిరసనాయిలు ఆ మేరకు పెరుగుతుంది. అయినా ఒక బాలింత నెలరోజులు మంచం మీదుంటే వాడే గుడ్డలకు ఆవిరి పట్టే ఖర్చులో అది ఒక మూలకు రాదు. ఈ లెక్క నోటికి వచ్చేట్టు నేర్చుకున్నాను.

అది చెప్పే అవసరమే రాలేదు. కమిటీ అధ్యక్షులవారి వరండాలో అందరూ కూర్చున్నారు. కారణం ఏమిటని అడిగారు. నేను గొంతు సవరించుకునేలోగా అక్కయ్యగారు, "నేనేనండి. తడి మూటలు తీశాను" అన్నారు.

అధ్యక్షులవారు కూడా మడి పాటించే మనిషే. "తడిబట్ట అశుద్ధమా! ఎవరు చెప్పారండీ మీకు?" అన్నారు.

"మీ కుంకుమ భరిణె ఇటిప్పించండి" అన్నారావిడ. సంచిలోంచి రెండు మూటలు తీశారు. ఒకదాన్ని చెంబులో నీళ్లు చల్లి చెమ్మ చేశారు. పళ్లెంలో కుంకుమ చల్లి, రెండింటినీ దాని మీద పెట్టి, "కాఫీలు కానివ్వండి, తొందరేం లేదు" అన్నారు. కాఫీలయ్యాయి. మూటలు అధ్యక్షులవారి చేతనే విప్పించారు. ఆయన గులాబీరంగు మడతలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత మొలతాడుకున్న తాళంచెవి తీసి డాక్టరమ్మకు ఇచ్చారు. ఇంకొకాయన, "మరి గుడ్డల పనికి కొత్త మనిషిని..." అని మొదలుపెట్టాడు. డాక్టరమ్మ ఆయన వైపు చూడకుండానే, "ఈ సంగతి తెలిసిన మనిషి తాలూకాలో ఒక్కరే ఉన్నారండీ" అని లేచింది.

తాళం తీశాక మొదటి ఆపరేషను గోదావరి మధ్య లంక గ్రామం నుంచి వచ్చిన ఒక తొలిచూలు అమ్మాయికి. మగబిడ్డ. ముందురోజు సాయంత్రం ఆవిరి గదిలో యంత్రం మూత ఓరగా తెరిచి అక్కయ్యగారు స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆ వేడి దగ్గర నేను రెండు నిమిషాలు నిలబడలేకపోయాను. ఒక మూట ఎందుకో ఆవిడకు నచ్చలేదు, మళ్లీ ఆవిరికి పెట్టారు. కిరసనాయిలు గురించి నేను మాట్లాడలేదు.

కుట్లు విప్పే రోజు ఆవిడ వార్డులోకి రాలేదు. గుమ్మం బయట గోడకానుకుని నిలబడ్డారు, నేను పక్కన. లోపల కత్తెర చప్పుడు వినబడింది. డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"ఎలా ఉందమ్మా?" అన్నారు అక్కయ్యగారు.

"పొడిగా ఉందండీ."

అక్కయ్యగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఇంటికెళ్లి తలమీద నీళ్లు పోసుకుంటాను సత్యం. వంట కావాలి" అన్నారు. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగారు.

"సాయంత్రం మూటలు నేను వచ్చేదాకా తియ్యనివ్వకు. ఆరనీ."